‘లేదు’ అంటే లేనట్టేనా?

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో అద్దం పక్కన ఒక కాగితం అంటించి ఉంది. నీళ్ల పరీక్ష రిపోర్టుకి జిరాక్సు కాపీ. వేసవిలో కుళాయి నీళ్లు అదోరకం వాసనొస్తున్నాయని మూడో అంతస్తువాళ్లు గోల చేస్తే, మా సంఘం కోశాధికారిగారు ఫ్లాటుకు రెండేసి వందలు వసూలు చేసి మరీ పరీక్ష చేయించారు. ఆయన బ్యాంకులో రిటైరైన మనిషి. కాగితమంటే తేదీ, స్టాంపు, సంతకం ఉండాల్సిందే. ఈ కాగితం మీద ఆ మూడూ ఉన్నాయి. గట్టిదనం ఇంత, ఫ్లోరైడు ఇంత, ఇనుము ఇంత అని అన్నిటికీ అంకెలు వేశారు. చిట్టచివర ‘పురుగుమందుల అవశేషాలు’ అన్నచోట మాత్రం అంకె లేదు. మూడక్షరాలున్నాయి: బి.డి.ఎల్. వాటి పక్కన కోశాధికారిగారు ఎర్ర ఇంకుతో ‘లేవు’ అని రాసి, కింద గీత కూడా కొట్టారు. ఆ గీత చూసుకుని మేమంతా నిశ్చింతగా నీళ్లు తాగుతున్నాం.

శ్రావణమాసం నోములకని మా మేనకోడలు హైదరాబాదు నుంచి వచ్చింది. నీళ్లలో, మట్టిలో మందుల అవశేషాలు వెతికే ప్రయోగశాలలో దాని ఉద్యోగం. లిఫ్టు ఐదో అంతస్తు చేరేలోపు కాగితమంతా చదివేసింది.

‘‘మావయ్యా, ఈ నీళ్లు ఎందులో పట్టారు?’’

‘‘సీసాలో.’’

‘‘ఏ సీసా?’’

‘‘రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా. వాచ్‌మన్ సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాడమ్మా’’ అన్నాను, శుభ్రతలో మాకేం లోటు లేదన్నట్టు.

‘‘ల్యాబుకి ఎలా పంపారు?’’

కోశాధికారిగారి బావమరిది కారులో వెళుతుంటే పంపాం. శనివారం బయల్దేరాడు. ఆదివారం సెలవు. సోమవారం ఆయనకేదో పెళ్లి. మంగళవారం ఇచ్చాడు. అంతవరకూ సీసా డిక్కీలోనే ఉంది. అసలే రోహిణి కార్తె.

ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ‘‘అయితే ఈ కాగితం ఆ సీసా గురించి చెబుతోంది మావయ్యా. మీ నీళ్ల గురించి కాదు’’ అంది.

నాకు కాస్త గుచ్చుకుంది. రెండొందలిచ్చిన వాణ్ని కదా. ఆ రాత్రి భోజనాలయ్యాక కూర్చోబెట్టి అడిగాను. అది చెప్పింది చెప్పినట్టు రాస్తే సగం రసాయనశాస్త్రం పుస్తకమవుతుంది కాబట్టి నాకు ఎక్కిన మేరకు రాస్తున్నాను.

ముందు పరిమాణం సంగతి. సీలు వేసి అమ్మే మంచినీళ్ల సీసాలో ఏ ఒక్క పురుగుమందూ లీటరుకు 0.1 మైక్రోగ్రాము మించకూడదని మనదేశంలో నిబంధన. 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు సీసా నీళ్లు పరీక్షించి దేశమంతా గగ్గోలు పుట్టించాక, ఐరోపా వాళ్ల లెక్కనే మనమూ తెచ్చుకున్నాం. 0.1 మైక్రోగ్రాము అంటే ఎంతో ఊహకందదు కదా. పదివేల లీటర్లు పట్టే నీళ్ల ట్యాంకర్లు వెయ్యి వరసగా నిలబెట్టండి. రాజమండ్రి నుంచి రావులపాలెం దాకా కాకపోయినా, కడియం దాటేంత వరస అవుతుంది. ఆ వెయ్యి ట్యాంకర్లలోనూ కలిపి ఒక్క గ్రాము మందు వేసి కలియతిప్పితే ఎంత పలచనో అంత. దాన్ని ఒక్క లీటరు సీసా చూసి కనిపెట్టాలి.

ఎక్కువ ఉంటే కనిపెట్టడం పెద్ద విద్య కాదట. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం ఉంది. అక్కడినుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా తేలింది. ‘శుద్ధి’ చేసిన నీళ్లలో! పదహారు లీటర్లకు ఒక 500 మిల్లీగ్రాముల బిళ్ల కలిపినట్టు లెక్క. అంటే బకెట్టుకో మాత్ర. అలాంటిచోట యంత్రం గట్టిగా అరిచి చెబుతుంది. మన కాలువల్లాంటి చోట అది గొణుగుతుందో లేదో కూడా తెలియదు. గొణుగుడు వినాలంటే ముందు చుట్టూ ఉన్న గోల తగ్గించాలి, ఆ గొంతు పెంచాలి. ఆ పనికే ‘నిష్కర్షణ’ అని పేరు. ఒక లీటరు నీళ్లలో చెల్లాచెదరుగా ఉన్న మందునంతా లాగి, ఒక మిల్లీలీటరులోకి తేవాలి. వెయ్యి రెట్లు చిక్కబడుతుంది. అప్పుడు గానీ లక్షల ఖరీదుచేసే యంత్రానికి అందులో ఒక చుక్క ఇవ్వరు.

‘‘యంత్రం తప్పు చేయడం అరుదు మావయ్యా. తప్పులన్నీ దానిదాకా తీసుకెళ్లే దారిలోనే జరుగుతాయి’’ అంది. బిందె నుయ్యి దాకా బాగానే వెళ్లి, దారిలో చిల్లుపడితే బావిని ఏమనగలం?

ఆ దారి ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి మా ఆవిడ వంటింట్లోకే వెళ్లింది. సాంబారు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి చూపించింది. ఎన్నిసార్లు తోమినా పసుపు మరక వదలని డబ్బా మీ ఇంట్లోనూ ఉంటుంది. పసుపులోని రంగుకి నీళ్లంటే పడదు. సందు దొరికితే ప్లాస్టిక్‌కి అతుక్కుంటుంది. నీళ్లతో ఎంత కడిగినా రాదు. కాస్త నూనె రాసి తుడిస్తే వస్తుంది. డీడీటీ లాంటి పాత మందులు, క్లోర్‌పైరిఫాస్ లాంటివి సరిగ్గా ఇదే బాపతు. ప్లాస్టిక్ సీసాలో పోస్తే ఆ అరకొరా వెళ్లి సీసా గోడకి అంటుకుంటుంది. ల్యాబువాళ్లు నీళ్లు వంచుకుంటారు, మందు సీసాలో ఉండిపోతుంది, సీసా చెత్తబుట్టలోకి పోతుంది. కాగితం మీద ‘లేవు’ అని వస్తుంది.

అందుకే గాజు సీసా కావాలి. అదీ దగ్గుమందు సీసాలా గోధుమరంగుది అయితే ఎండకి కొన్ని మందులు విరిగిపోకుండా ఉంటాయి. సబ్బుతో కడిగితే సబ్బే అడ్డం. ద్రావకంతో కడిగి ఆరబెట్టాలి. మూతలో టెఫ్లాన్ పొర ఉండాలి. పట్టింది మొదలు ఐసులో పెట్టి నాలుగు డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అమెరికా పర్యావరణ సంస్థ పద్ధతుల్లో ఇలాంటి మందులకు గడువు కూడా రాసి ఉంటుంది. నీళ్లు పట్టిన ఏడురోజుల్లోపు నిష్కర్షణ చేసేయాలి, ఆ తీసిన సారాన్ని నలభై రోజుల్లోపు యంత్రానికి ఇవ్వాలి. మూడురోజులు డిక్కీలో ఉడికిన మా సీసాకి గడువు దాటకపోయినా పుణ్యం దక్కలేదు.

ఇంకొకటి నాకసలు తెలియనిది. మున్సిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కదా. సీసాలో పోసి మూత బిగించాక కూడా అది ఊరుకోదు. దొరికిన మందుని మార్చేస్తుంది. క్లోర్‌పైరిఫాస్‌ని పట్టుకుని క్లోర్‌పైరిఫాస్ ఆక్సాన్ అనే మరోటిగా చేస్తుంది. అది అసలుదానికంటే విషం. పరీక్షలో అసలు మందు కోసమే వెతికితే అది దొరకదు. తండ్రి కోసం వారెంటు పట్టుకుని వెళ్లి, ఇంట్లో ఉన్న కొడుకుని వదిలేసి వచ్చినట్టు. దీనికి విరుగుడుగా కుళాయి నీళ్లు పట్టే సీసాలో ముందే చిటికెడు సోడియం థయోసల్ఫేట్ వేస్తారు. అది క్లోరిన్‌ని చంపేస్తుంది. సీసం, నికెల్ లాంటి లోహాలు వెతకాలంటే మళ్లీ వేరే సీసా. దానికి ప్లాస్టిక్కే మంచిది, అందులో నైట్రిక్ ఆమ్లం వేయాలి. అంటే ‘ఒక సీసా నీళ్లిచ్చాం, అన్నీ చూసి చెప్పండి’ అనడానికి లేదు.

సరే, నీళ్లు సరిగ్గానే చేరాయనుకుందాం. లాగడమెలా? వంకాయ పులుసు కాచి దించాక మీద ఎర్రటి నూనె తేరుతుంది చూడండి. మిరపకాయ రంగంతా ఆ నూనెలోకి చేరి కూర్చుంటుంది. కింద పులుసు అంత ఎరుపుండదు. ల్యాబులో పాత పద్ధతి అచ్చంగా ఇదే. బేరిపండు ఆకారంలో కింద కుళాయి ఉన్న గాజు గరాటులో లీటరు నీళ్లు పోసి, అందులో అరవై మిల్లీలీటర్ల డైక్లోరోమీథేన్ వేసి రెండు నిమిషాలు గిలక్కొడతారు. మందులు నీళ్లను వదిలి అందులోకి దూకుతాయి. మన నూనెకీ దానికీ ఒకటే తేడా. ఇది నీళ్లకంటే బరువు, అడుక్కి దిగుతుంది. కింద కుళాయి తిప్పి దాన్ని తీసేసుకుంటారు. మళ్లీ అరవై, మళ్లీ అరవై. మూడుసార్లు. ఒకేసారి నూట ఎనభై పోస్తే రాదా అని అడిగాను. తలంటుకున్నాక జుట్టు ఒకే బకెట్టుతో ఒక్కసారి ముంచి తీస్తే కుంకుడు పులుసు పోతుందా, మూడు చెంబులు విడివిడిగా పోస్తే పోతుందా అని ఎదురు ప్రశ్న వేసింది. ఒప్పుకున్నాను.

గోదావరి నీళ్లతో ఈ పద్ధతికి ఒక చిక్కుంది. ఆషాఢంలో కొత్తనీరు వచ్చి నది ఎర్రబడ్డాక ఆ నీళ్లు గరాటులో పోసి కొడితే రెండు పొరలూ విడిపోవు. మధ్యలో మీగడలా నురగలా ఏదో తయారవుతుంది. ఎంత చిలికినా వెన్న పడని మజ్జిగ ఇంట్లో ఒక్కోరోజు చూస్తాం, అలాంటిది. ఉప్పు వేసి, చల్లబరచి, బతిమాలి విడదీయాలి. ఓపిక లేనివాళ్లు ఆ మధ్య పొరని పారబోస్తారు. దాంతోపాటే పోవలసింది పోతుంది.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది వేరే పద్ధతి. సిరంజి గొట్టంలాంటి చిన్న ప్లాస్టిక్ గొట్టం, అందులో తెల్లటి పొడి. ఇసుక జాతిదే ఆ పొడి, కానీ ప్రతి రేణువుకీ పద్దెనిమిది కార్బన్ల పొడవున మైనం లాంటి తోకలు అతికించి ఉంటాయి. 1978లో సెప్‌పాక్ పేరుతో ఇలాంటి గొట్టాలు మార్కెట్లోకి వచ్చాక ప్రయోగశాలల్లో డైక్లోరోమీథేన్ ఘాటు చాలా తగ్గింది. మన సాంబారు డబ్బా గుర్తుందిగా? పసుపుని పట్టేసుకునే ఆ దుర్గుణాన్నే ఇక్కడ సుగుణంగా వాడుకున్నారు. నీళ్లు గొట్టంలోంచి పోతుంటే మందులు ఆ తోకలకి అంటుకుని ఆగిపోతాయి. నీళ్లు కింద పారిపోతాయి. తర్వాత నాలుగైదు మిల్లీలీటర్ల ఇథైల్ ఎసిటేటో మరొకటో పోస్తే, డబ్బా మీద నూనె రాసినట్టు, అంటుకున్నదంతా వదిలి వస్తుంది. దాని మీద నైట్రోజన్ వాయువు మెల్లగా ఊది ఒక మిల్లీలీటరుకి తెస్తారు.

చెప్పడానికి తేలిక. లీటరు నీళ్లు ఆ గొట్టంలోంచి నిమిషానికి ఐదు పది మిల్లీలీటర్లకి మించకుండా దిగాలి. అంటే ఒక్క సీసాకి రెండు మూడు గంటలు. తొందరపడి పంపు గట్టిగా లాగితే మందు అంటుకునేలోపే జారిపోతుంది. ముందుగా మిథనాల్‌తో తడపాలి, నీళ్లు పోసేలోపు పొడి ఆరకూడదు. ఆరిందా, తోకలు ముడుచుకుంటాయి, ఏదీ పట్టుకోవు. చివర నైట్రోజన్ ఎక్కువసేపు ఊదితే తేలికపాటి మందులు గాల్లోకి పోతాయి. ‘‘ఫోన్ వచ్చిందని రెండు నిమిషాలు బయటికెళ్తే ఒక రోజు పని పోయినట్టే’’ అంది. వాళ్లమ్మ ఫోను చేస్తే ఎత్తదని ఇంట్లో అందరికీ ఉన్న ఫిర్యాదుకి కారణం నాకప్పుడు తెలిసింది.

మరి ఇన్ని చిల్లులున్న దారిలో ఎంత పోయిందో వాళ్లకెలా తెలుస్తుంది? కుర్రాణ్ని కొట్టుకు పంపేటప్పుడు మనం లెక్క తెలిసిన డబ్బిచ్చి, తిరిగొచ్చిన చిల్లర చూస్తాం. అదే కిటుకు. పరీక్షించే నీళ్లలోనే తెలిసినంత మందు కొలిచి కలిపి, మొదట్నుంచీ చివరిదాకా అదే దారిలో పంపిస్తారు. నూటికి డెబ్భై నుంచి నూట ఇరవై మధ్య తిరిగొస్తే సాధారణంగా పని బాగున్నట్టు లెక్క. ముప్ఫయ్యే వస్తే ఆ రోజు ‘లేదు’ అన్న మాటకి విలువ లేదు. దీన్ని రికవరీ అంటారు. అలాగే ఏమందూ లేని శుద్ధమైన నీళ్లని కూడా ఒక సీసా అదే దారిలో పంపుతారు. అందులో ఏమైనా కనబడిందంటే అది ల్యాబు గాలిదో, గొట్టాలదో, పక్కగదిలో కొట్టిన దోమలమందుదో అన్నమాట. మా కాగితం మీద ఈ రెండు అంకెలూ లేవు.

ఉన్నదల్లా బి.డి.ఎల్. ‘బిలో డిటెక్షన్ లిమిట్’. మా కంటికి ఆనేదానికన్నా తక్కువ అని. ఎంతవరకు ఆనుతుందో పక్కన రాయాలి కదా? రాశారు, చాలా చిన్న అక్షరాల్లో. పది మైక్రోగ్రాములట. చూడాల్సింది 0.1 దగ్గర. నూరు రెట్లు మసకైన కళ్లద్దాలు పెట్టుకుని చూసి ఏమీ కనపడలేదన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. ఎర్ర ఇంకుతో ‘లేవు’ అని రాసుకున్నది మేమే.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. రేవులోంచి తెచ్చిన ఎర్రనీళ్లు కుండలో పోసేముందు ఇండుపగింజ అరగదీసి కుండ లోపల పూసేది. తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి మీద నీళ్లు కొబ్బరినీళ్లలా తేరేవి. ఆ తేట చూసి తాగేవాళ్లం. ఈ సంగతి చెబితే మా పిల్ల ఎగతాళి చేయలేదు. నీళ్లంటే పడని మందులు ప్లాస్టిక్ లేకపోతే మట్టి రేణువులకి అంటుకుంటాయట. కాబట్టి మడ్డితోపాటు వాటిలో కొంత అడుక్కి పోయి ఉండొచ్చు. కానీ నీళ్లలో హాయిగా కరిగే మందులు కూడా ఉన్నాయి. అవి తేటలోనే ఉంటాయి. కలుపు చంపే గ్లైఫోసేట్ అలాంటిదే. దానికి ఇండుపగింజ చాలదు సరే, పద్దెనిమిది కార్బన్ల తోకలు కూడా పట్టుకోలేవు. దానికి వేరే పరీక్ష చేయాలి. వరదనీళ్లను పరీక్షించేవాళ్లు మడ్డి వడగట్టి పారేసి తేట నీళ్లే చూస్తే డీడీటీ జాతిని పారేసినట్టే. మడ్డినీ వేరుగా పిండాలి.

ఇదంతా మాకెందుకండీ, గోదావరి నిండా నీళ్లున్నాయి, కలిసినా ఏం కనబడుతుంది అని అడిగేవాళ్లుంటారు. 1852కి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేశాక ఈ నది మూడు డెల్టాల్లోకి కాలువలై పారుతోంది. అదే కాలువ చేనుకీ, అదే కాలువ మంచినీళ్ల చెరువుకీ. చేలల్లోంచి దిగిన నీళ్లు మురుగు కాలువల్లోకి, కొన్ని కొల్లేట్లోకి, అక్కణ్నుంచి ఉప్పుటేరు దారిన సముద్రంలోకి. దిగువ ఊళ్లకి వచ్చేసరికి ఏది పారుదలో ఏది మురుగో కాలువకే తెలియదు. నాట్లయిన మూడు నాలుగు రోజులకి కలుపుమందు పడుతుంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువులు నింపుకుంటే ఆ నీళ్లే మళ్లీ కాలువలు వదిలేదాకా.

ఏలూరు మర్చిపోలేదు కదా. 2020 డిసెంబరు 5న అక్కడి వన్‌టౌన్‌లో మనుషులు నిలుచున్నవాళ్లు నిలుచున్నట్టే మూర్ఛతో పడిపోవడం మొదలైంది. పిల్లలూ పెద్దలూ. కొద్దిరోజుల్లోనే 600 మందికి పైగా ఆస్పత్రికి వెళ్లారు. ఎక్కువమంది త్వరగానే తేరుకున్నారు గానీ, ఎందుకొచ్చిందో తెలియక జిల్లాలన్నీ వణికాయి. మాకు అక్కడ చుట్టాలున్నారు. ఆ వారం రోజులూ ఫోను మోగితే చాలు గుండె ఆగేది. నీళ్ల తొలి పరీక్షల్లో తేడా ఏమీ కనబడలేదన్నారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ ఎక్కువున్నాయని తేలింది. నాగపూర్ నుంచి నీరి, హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ వచ్చి నీళ్లు, కూరగాయలు, రక్తం అన్నీ పట్టుకెళ్లాయి. డిసెంబరు 16న ప్రభుత్వానికి అందిన నివేదికల్లో ఎయిమ్స్, నీరి నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని అభిప్రాయపడ్డారు. అవి మనుషుల ఒంట్లోకి ఏ దారిన వెళ్లాయో తేల్చడానికి మాత్రం ఇంకా చాలాకాలం పరిశీలన కావాలన్నారు.

అప్పట్లో నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది శాస్త్రవేత్తలు వచ్చి దారి చెప్పలేరా అని. ఇప్పుడు ఆలోచిస్తే కొంత అర్థమవుతోంది. మొదటి మనిషి పడిపోయేసరికి ఆయన ముందురోజు తాగిన చెంబెడు నీళ్లు ఏ సీసాలోనూ లేవు. పైపులో ఉన్నది తర్వాతి నీళ్లు. కాలువ ఎవరి కోసమూ ఆగదు. సంఘటన జరిగాక పట్టిన సీసా ఆ క్షణాన్నే చూపిస్తుంది, నిన్నటిని కాదు. విదేశాల్లో నదుల్లో చిన్న పళ్లెం లాంటి పరికరాలు వారాల తరబడి వేలాడదీసి ఉంచుతారట, వచ్చిపోయే మందులన్నీ వాటికి అంటుకుంటూ పోగవుతాయి. మన ఊళ్లో రక్షిత మంచినీటి పథకాల చెరువుల్లో అలాంటివి వేలాడితే చూడాలని ఉంది. సీసా ఖర్చుతో పోలిస్తే పెద్ద ఖర్చూ కాదు.

ఖర్చు అంటే ఒక సంగతి. మన రాజమండ్రిలో 1947 నుంచి పొగాకు పరిశోధన సంస్థ ఉంది, ఈమధ్య దానికి కొత్త పేరు పెట్టారు. పొగాకు కొనే విదేశీ కంపెనీలు ఆకులో ఏ మందు ఎంత మిగిలిందో లెక్క అడుగుతాయి. భీమవరం రొయ్య ఐరోపాకి వెళ్లాలంటే యాంటీబయాటిక్ లేదని కాగితం కావాలి. కాల్చిపారేసే ఆకుకీ, పరాయివాడు తినే రొయ్యకీ కొనేవాడు అడుగుతాడు కాబట్టి పరీక్షలు నికార్సుగా జరుగుతాయి. మన బిందెకి ఎవరు అడుగుతారు? మన తాగునీటికీ ప్రమాణం ఉంది. 2012లో సవరించిన దాంట్లో పురుగుమందుల పట్టిక చూశాను. పద్దెనిమిది పేర్లున్నాయి. వరిలో కలుపుకి వాడే బ్యూటాక్లోర్ లీటరుకు 125 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చట. సీసా నీళ్లకి 0.1, కుళాయి నీళ్లకి 125! అంకెలు చూసి నేనేదో తప్పు చదివానేమోనని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పైగా మా పక్క చేలల్లో ఇప్పుడు వాడే ప్రెటిలాక్లోర్, ఇమిడాక్లోప్రిడ్, క్లోరాంట్రానిలిప్రోల్ ఆ పట్టికలో లేనే లేవు. లేని పేరు ఎవరూ వెతకరు. వెతకనిది దొరకదు.

మర్నాడు పొద్దున్నే కోశాధికారిగారింటికి వెళ్లి అంతా చెప్పాను. ‘‘ఆయ్, స్టాంపు వేసిచ్చారు కదండీ’’ అన్నారు, బాధగా. ఆయన తప్పేముంది? మా అందరికీ కావలసింది ఆ మూడక్షరాలే. మళ్లీ డబ్బులడగాలంటే మూడో అంతస్తు ఏమంటుందోనని ఆయన దిగులు. చివరికి మా పిల్లే, వచ్చే నెల వచ్చినప్పుడు సీసాలు నేను తెస్తాను, పిన్నిగారూ బాబాయిగారూ అందరూ చూస్తుండగా పడతాను అంది.

తెచ్చింది కూడా. గోధుమరంగు గాజు సీసాలు నాలుగు. కుళాయివి, బోరువి, ట్యాంకువి, నాలుగోది తను ల్యాబు నుంచే తెచ్చిన శుద్ధమైన నీళ్లది. ఐసు పెట్టడానికి పెట్టె కావాలంది. కోశాధికారిగారు ఉత్సాహంగా తెల్లటి థర్మోకోల్ పెట్టె తెచ్చారు. మూత తీయగానే లిఫ్టంతా వాసన. కిందటి నెల హైదరాబాదులో వియ్యంకుడికి పులస పంపి, తిరిగి తెప్పించుకున్న పెట్టె అది. ‘‘కడిగించానమ్మా, సబ్బుతో’’ అన్నారాయన. ఈసారి మా పిల్ల నవ్వింది. మేం కూడా. ఆఖరికి మందుల షాపాయన టీకాలు మోసే పెట్టె ఒకటి అరువిచ్చాడు.

కుళాయి ఐదు నిమిషాలు వదిలేసి, సీసా అంచు కుళాయికి తగలకుండా, నిండా పట్టింది. తేదీ, గంట, చోటు రాసి అంటించింది. కోశాధికారిగారు ఆ చీటీ మీద సంతకం పెడతానంటే పెట్టనిచ్చింది. ‘‘రికవరీ ఎనభై వస్తే పాసేనాండీ?’’ అని అడిగారాయన. బ్యాంకు మనిషికి రికవరీ అన్నమాట బాగానే ఎక్కింది. లిఫ్టులో పాత కాగితం పీకేయబోతే వద్దన్నాను. కొత్తది వచ్చాక పక్కన పెడదామన్నాను.

రాత్రి గౌతమికి ఎక్కించాం. పెట్టె బెర్తు కింద పెట్టి, దాని మీద కాలు వేసుకుని కూర్చుంది. పదకొండు దాటాక ఫోను చేసింది.

‘‘మావయ్యా, ఏలూరులో ఆగింది. ఐసు ఇంకా కరగలేదు, పడుకోండి.’’